చుట్టాల సాయం బలమా, కష్టమా? 'తట్టుకునే శక్తి' కొలతల మీద చర్చ

సర్వేసంచి (పెరంబూరు, చెన్నై):
ఒక స్వచ్ఛంద సంస్థకు సర్వేలు చేసి పెడుతుంటాను. యుద్ధం, వరస కరువులు, శరణార్థి శిబిరాలు లాంటి ఏళ్ల తరబడి తెగని కష్టాల్లో జనం ఎంత తట్టుకోగలరో అంకెల్లో చెప్పమని డబ్బిచ్చేవాళ్లు అడుగుతారు. దీనికే రెజిలియెన్స్ అని పేరు. నా పేచీ ఒక్కటే. ప్రపంచ ఆహార కార్యక్రమం వాడే చిన్న ఫారం ఒకటుంది, ఐదే ప్రశ్నలు. గత 7 రోజుల్లో తిండికి చాలక ఎన్ని రోజులు నాసిరకంతో సరిపెట్టుకున్నారు, ఎన్ని రోజులు అప్పు తెచ్చుకున్నారు లేదా చుట్టాల సాయం తీసుకున్నారు, ముద్ద తగ్గించారా, పూట మానేశారా, పిల్లల కోసం పెద్దలు కడుపు మాడ్చుకున్నారా అని. అన్నీ కలిపితే గరిష్ఠం 56. అంకె పెరిగితే కష్టం పెరిగినట్టు. చుట్టాల సాయానికి బరువు 2, అంటే సాయం తీసుకున్న ఒక్కో రోజునీ రెండుగా లెక్కిస్తారు. ఇక ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 'రిమా' అనే పద్ధతి పెట్టింది. అందులో నాలుగు స్తంభాలు, వాటిలో ఒకటి ఆపదలో ఆదుకునే ఏర్పాట్లు. అక్కడ ఇదే చుట్టాల సాయం బలం కింద లెక్క. పెదనాన్న పంపిన బియ్యం ఒక కాగితంలో కష్టం, ఇంకో కాగితంలో బలం! వీటిని నమ్మి రేషన్ ఎవరికివ్వాలో తేల్చొచ్చా?

అంకెలపిచ్చి (వేలచేరి):
సంచి గారూ, అవి రెండూ ఒకే లెక్క కాదండీ. మొదటిది ఈ వారం ఎలా గడిచిందని అడుగుతుంది. రెండోది రేపు దెబ్బ తగిలితే నిలదొక్కుకుంటారా అని. కలిపి చదివితే తప్పు చదివినవాళ్లది. అసలు అంకెలే లేకపోతే గట్టిగా అరిచిన వీధికే ట్యాంకరు వస్తుంది. 2019 ఎండాకాలంలో మా వీధిలో కళ్లారా చూశాను.

పాతబ్యాంకు (ఆవడి):
అంకెలు లేకనా బాబూ? 2011లో సోమాలియా కరువు గురించి హెచ్చరికలు నెలల ముందే వచ్చాయి. డబ్బే ఆలస్యమైంది. దాదాపు 2,60,000 మంది పోయారని అంచనా, అందులో సగానికి పైగా ఐదేళ్ల లోపు పిల్లలు. ఈ రెజిలియెన్స్ మాట ఊపందుకుంది ఆ తర్వాతే. ఇథియోపియాలో 2005లో మొదలైన పెద్ద సహాయ పథకంలో ఇంటి ఆస్తులు ఒక గీత దాటితే 'గ్రాడ్యుయేషన్' అంటారు. మన పిల్లలు గ్రాడ్యుయేట్ అయితే స్వీట్లు పంచుతాం. అక్కడ అయితే సాయం ఆగిపోతుంది. నేను అప్పులిచ్చిన మనిషిని, ఆస్తి చూసి ధైర్యం అంచనా వేయడంలో ఎన్నిసార్లు బోల్తా పడ్డానో నాకే తెలుసు.

ఏడోఅంతస్తు (పెరుంబాక్కం):
ఆ ఐదు ప్రశ్నలు నన్నూ అడిగారు. మేం ముందు కూవం ఒడ్డున ఉండేవాళ్లం. 2015 వరదల్లో పక్కింటి మంగళగిరి పిన్ని తన బియ్యం డబ్బా మా ఇంట్లో పెట్టేసింది. ఆ తర్వాత మమ్మల్ని ఇక్కడికి పంపేశారు, పిన్నివాళ్లు ఇంకో చోటికి పోయారు. 2023లో మిచాంగ్ తుఫానుకి కింద నీళ్లు నిలిచి మూడు రోజులు దిగలేదు. ఆ మధ్యే ఒకమ్మాయి వచ్చి "ఎవరి సాయమైనా తీసుకున్నారా?" అంది. లేదన్నాను. నిజమే. అడగడానికి ఎవరున్నారు? ఇప్పుడు మీరు చెప్తుంటే అర్థమైంది, నా 'లేదు' వల్ల మేం బాగున్నట్టు రాసుకుని ఉంటారు.

అంకెలపిచ్చి:
అక్కా, సాయం దొరక్కపోతే మిగతా జవాబులు పెరగాలి కదా? పెద్దలు పిల్లల కోసం మానుకుంటే దానికి బరువు 3.

ఏడోఅంతస్తు:
రాత్రి నేను టీ తాగి పడుకోవడం ఎన్నేళ్లుగానో ఉంది. అదీ లెక్కలోకి వస్తుందని నాకు తోచలేదు తమ్ముడూ.

సర్వేసంచి:
ఇదేనండీ నేను చెప్పాలనుకున్నది. కష్టం కొత్తగా వస్తే జనం తేడా చెప్పగలరు. 1983 నుంచి వచ్చిన శ్రీలంక తమిళుల శిబిరాలు మన పక్క గుమ్మిడిపూండితో సహా తమిళనాడులో ఇంకా ఉన్నాయి. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు మామూలు రోజంటే ఏది?

అంకెలపిచ్చి:
సరే, అది ఒప్పుకుంటాను. గత 30 రోజుల గురించి అడిగే ఫారం ఇంకొకటి ఉంది, అందులో నగలు అమ్మారా, పశువులు అమ్మారా అని అడిగేచోట 'లేదు' రెండు రకాలు. అవసరం రాలేదు అన్నది ఒకటి. ఇప్పటికే అమ్మేశాం, ఇంకేం మిగల్లేదు అన్నది ఇంకొకటి. ఈ 7 రోజుల ఫారంలో ఆ తేడా లేదు.

సర్వేసంచి:
అయితే 'అడగడానికి మనిషి ఉన్నారా' అని ఒక గడి నేనే చేరుస్తాను.

అంకెలపిచ్చి:
చేర్చండి, కానీ మొత్తంలో కలపకండి. కలిపితే పాత అంకెలతో పోల్చలేం.

పాతబ్యాంకు:
మొత్తంలో కలవని గడిని పైవాళ్లు చదువుతారా?

ఏడోఅంతస్తు:
చదవడం తర్వాత సంగతి. మా బ్లాకుకి వచ్చేటట్టయితే మా అత్తగారు ఇంట్లో లేనప్పుడు రండి. ఆవిడ ముందు ఆ టీ సంగతి నేను చెప్పను.