పాలు తాగే బిడ్డకు పాపమేంది? జ్ఞానస్నానంపై ఆర్‌సీఎం, ఆర్థడాక్స్ పేచీ

తిరుచానూరు రోడ్డు:
మాది తిరుపతి, ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్ళం. మా తమ్ముడి భార్యది కోట్టయం, మలంకర ఆర్థడాక్స్ (కేరళలోని సురియాని సంప్రదాయపు సభ). ఈమధ్యే కొడుకు పుట్టాడు. "జన్మపాపంతో (ఆదాము నుంచి పుట్టుకతో వచ్చే పాపం) బిడ్డను ఎన్నాళ్ళు పెట్టుకుంటారు?" అని అమ్మ గోల. "పాలు తాగే బిడ్డకు పాపమేంది అత్తమ్మా?" అని మరదలు. అట్లని ఆ పిల్ల జ్ఞానస్నానం వద్దనడం లేదు, వాళ్ళ చర్చిలో ఇప్పించాలంటోంది. నాకు అర్థం కానిది ఒకటే. పాపం లేదన్నాక దాన్ని కడిగే సంస్కారం ఎందుకు?

మూడో వరుస బెంచీ:
ఇందులో చర్చకేముంది? 1546లోనే మన కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ తేల్చేసింది. ఆదాము పాపం మనం చూసి నేర్చుకునేది కాదు, పుట్టుకతో వచ్చేది. పసిబిడ్డకైనా అది పోవాల్సిందే, పోయేది జ్ఞానస్నానంతోనే. మీ అమ్మ చెప్పిందే కరెక్టు.

చిత్తూరు నర్సమ్మ:
అన్నా, నేనూ ఆర్థడాక్సే. ఆదాము నుంచి మనకొచ్చింది చావు, చావు భయం, చెడు వైపు మొగ్గే గుణం. ఆయన చేసిన నేరం మన లెక్కలోకి రాదు. మరి జ్ఞానస్నానం ఎందుకంటారా? నాలుగో శతాబ్దంలోనే గ్రీకు సభాపిత యోహాను క్రిసోస్తోం ఒక ప్రసంగంలో దీనికి జవాబు చెప్పినాడు. పసివాళ్ళు పాపాలు చేయకపోయినా వాళ్ళకు జ్ఞానస్నానం ఇస్తాం, ఎందుకంటే అందులో పవిత్రత, దత్తత, వారసత్వం, క్రీస్తు శరీరంలో చోటు దొరుకుతాయని. కడగడం ఒక్కటే అయితే మీ ప్రశ్న సరైందే. మాకది క్రీస్తుతో చనిపోయి లేవడం.

మూడో వరుస బెంచీ:
మేడం, ఆ ప్రసంగాన్ని లాటిన్ సభాపిత అగస్టీను కూడా ఎత్తి చూపినాడు. బిడ్డ సొంతంగా చేసిన పాపాలు లేవనే క్రిసోస్తోం ఉద్దేశమన్నాడు, జన్మపాపం లేదని కాదు. సగమే చెప్తే ఎట్లా?

గ్రీమ్స్‌పేట:
సెమినరీలో కొంతకాలం చదివి బయటికొచ్చినవాణ్ణి. ఇద్దరూ ఎదుటివాళ్ళ మాటను కొంచెం వంచి కొడుతున్నారు.

1992 కతోలిక సత్యోపదేశం (శ్రీసభ అధికారిక బోధనా గ్రంథం) తీసి చూడండి. జన్మపాపం మనం చేసిన పని కాదు, మనకు సంక్రమించిన స్థితి, ఆదాము సంతానంలో ఎవరికీ అది వ్యక్తిగత దోషం కాదు అని రాసి ఉంది. తాత పొలం పోగొట్టుకుంటే మనవడు నేరస్తుడు కాడు, పొలం లేనివాడిగా పుడతాడు, అంతే. పోయిన ఆ పొలం దేవవరప్రసాదం, అంటే దేవుడు ఉచితంగా ఇచ్చే కృప. మన ఊళ్ళలో చాలామంది మాట్లాడేది ట్రెంట్ కాదు, అమ్మమ్మలు చెప్పిన భయం. జ్ఞానస్నానం లేకుండా పోయిన బిడ్డలకు లింబో (పరలోకపు దర్శనమూ నరకపు బాధా లేని చోటు) అనే మాట కూడా ఎన్నడూ విశ్వాస సత్యం కాలేదు. 2007లో వాటికన్ వేదాంత కమిషన్ ఆ బిడ్డల రక్షణ గురించి ఆశపడడానికి బలమైన కారణాలున్నాయంది.

అటువైపు ఆర్థడాక్స్ అంతా ఒకే గొంతు కాదు నర్సమ్మగారూ. 1672లో యెరూషలేములో కూడిన గ్రీకు సభ పసిబిడ్డలు జన్మపాపానికి లోబడి ఉన్నారు కాబట్టే జ్ఞానస్నానం అవసరమని రాసింది. కాబట్టి "మీకు నేరం, మాకు రోగం" అని తెగ్గొట్టడం ఈ కాలపు అలవాటు.

నా లెక్కలో అసలు తేడా పాపంలో లేదు, వరప్రసాదంలో ఉంది. మనవైపు పదమూడో శతాబ్దపు వేదాంతి తోమా అక్వీనాసు దాన్ని ఆత్మలో దేవుడు నాటే గుణంగా వివరించాడు, అది సృష్టింపబడినది. గ్రీకుల వైపు పద్నాలుగో శతాబ్దపు వేదాంతి గ్రెగరీ పలామాస్ బోధను 1351లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఖాయం చేసింది. వరప్రసాదమంటే సృష్టింపబడని దైవశక్తే, అంటే దేవుడే. ఒకరికి ఆత్మలో ఏం మారిందనేది ముఖ్యం, ఇంకొకరికి ఎవరిలో పాలుపంచుకున్నామనేది. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఈ తేడా కళ్ళకు కనబడుతుంది. మన దగ్గర బిడ్డ నెత్తిన నీళ్ళు పోస్తారు, దివ్యసత్ప్రసాదం ఊహ తెలిశాక, భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే తైలాభిషేకం) ఇంకా తర్వాత. వాళ్ళ దగ్గర జ్ఞానస్నానం, పవిత్ర తైలం, సత్ప్రసాదం మూడూ ఒకే పూట, ఒళ్ళో బిడ్డకే.

చిత్తూరు నర్సమ్మ:
పలామాస్ గ్రీకులకు పెద్ద. మలంకర వాళ్ళది సురియాని దారి, క్రీస్తు స్వభావాలపై తీర్పు చెప్పిన 451 ఖల్కెదోను సభనే ఆ దారి సభ ఒప్పుకోదు. 1351 సభ ఆ మరదల్ని ఎట్లా కట్టిపడేస్తుంది? మూడు సంస్కారాలూ ఒకేసారి అన్నది మాత్రం నిజం, మా అక్క బిడ్డకు అట్లే చేసినారు. ఇంకొకటి అడగాలి. నేరం మీకూ రానప్పుడు, మరియమ్మ జన్మపాపం లేకుండా గర్భంలో పడిందని 1854లో తొమ్మిదో పయస్ ప్రకటించాల్సిన పనేంది?

గ్రీమ్స్‌పేట:
మలంకర సంగతి ఒప్పుకుంటాను. మరియమ్మ సంగతికొస్తే, ఆమెకు తప్పింది శిక్ష కాదు, ఆ పొలం పోకుండా ముందే క్రీస్తు పుణ్యంతో నిలిచిందని శ్రీసభ మాట. మీకిది అనవసరంగా కనిపించడం సహజమే. ఇక్కడ తేడా ఉంది, దాన్ని సర్దుబాటు చేయలేం.

మూడో వరుస బెంచీ:
ఇదంతా సరే. వేరే సభ అమ్మాయితో పెళ్ళికి తమ్ముడు మన శ్రీసభ అనుమతి తీసుకున్నప్పుడు, బిడ్డలకు కతోలిక శ్రీసభలో జ్ఞానస్నానం ఇప్పించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తానని మాట ఇచ్చి ఉంటాడు. దాని సంగతేంది?

తిరుచానూరు రోడ్డు:
ఇచ్చినాడు. ఆ మాటైతే అమ్మకు గుర్తుంది. ఆర్థడాక్స్ చర్చిలో ఇప్పిస్తే మన గురువులు మళ్ళీ చేయమంటారా?

గ్రీమ్స్‌పేట:
చేయరు. ఆర్థడాక్స్ జ్ఞానస్నానం చెల్లుతుందని శ్రీసభ ఒప్పుకుంటుంది, రెండోసారి ఇవ్వడం కుదరదు. మాట సంగతి వేరే. మీ తమ్ముడు, మరదలు కలిసి విచారణ గురువుల (మీ చర్చి ఫాదర్) దగ్గర కూర్చోవాలి. అమ్మను ఆ రోజు ఇంట్లోనే ఉంచండి.