అండ్-వన్ ఫ్రీ త్రో రెఫరీ ఎందుకు ఎగ్గొట్టాడు?

వైట్‌ఫీల్డ్_గార్డ్: మొన్న ఆదివారం ఇక్కడ వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్ల బాస్కెట్‌బాల్ టోర్నీ, నాలుగో క్వార్టర్‌లో నిమిషం కూడా లేదు, మేం ఒక పాయింట్ వెనక. మావాడు లేఅప్‌కి లేస్తే డిఫెండర్ చేతి మీద కొట్టాడు, అయినా బంతి పడింది. బాస్కెట్ కౌంట్, పైన ఒక ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్), అదే అండ్-వన్. అక్కడితో ఊరుకోవచ్చు కదా, కిందపడ్డ డిఫెండర్ మొహం మీదికి వంగి మావాడు ఏదో కూశాడు, వెంటనే టెక్నికల్ ఫౌల్, అంటే ప్రవర్తన బాగాలేనందుకు పడేది. సరే, వాళ్లకొకటి మాకొకటి వేయిస్తారనుకుంటే రెఫరీ ఎవరికీ ఇవ్వకుండా బంతి తీసుకెళ్లి ఎండ్‌లైన్ (బాస్కెట్ వెనక గీత) దగ్గర వాళ్ల చేతిలో పెట్టాడు. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఇలా ఎప్పుడూ చూడలేదు. రూల్ తెలిసే చేశాడా, గొడవెందుకని సర్దేశాడా?

స్కోర్‌షీట్_సుబ్బారావు: తెలిసే చేశాడు బాబూ, కరెక్టే. ఎన్‌బీఏలో టెక్నికల్‌ది వేరే వేయించి తర్వాత అండ్-వన్ కూడా వేయిస్తారు, మన దగ్గర టోర్నీలు ఆడేది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్స్‌తో. అందులో గడియారం ఆగి ఉన్నప్పుడు రెండు వైపులా ఫౌల్స్ పడితే ముందు అన్నీ రాసుకుని, ఏది ముందు ఏది తర్వాత అని వరస తేల్చి, సమానమైన శిక్షల్ని ఒకదానికొకటి కొట్టేస్తారు. ఇక్కడ అటు ఒక ఫ్రీ త్రో, ఇటు ఒక ఫ్రీ త్రో, చెల్లుకు చెల్లు. ఇంకేం మిగల్లేదు, బాస్కెట్ పడింది కాబట్టి మామూలుగా బాస్కెట్ పడ్డాక ఎలాగో అలా బంతి వాళ్లది. అలాగని ఫౌల్స్ మాఫీ కావు. షీట్‌లో ఇద్దరి పేర్ల పక్కనా ఉంటాయి, పక్కన చిన్న 'సి' రాస్తాం, ఐదు ఫౌల్స్ లెక్కలోకీ వస్తాయి.

వైట్‌ఫీల్డ్_గార్డ్: ఓహో. మరి ఆ లేఅప్ పడకపోయి ఉంటే?

స్కోర్‌షీట్_సుబ్బారావు: అప్పుడు మీకు రెండు, వాళ్లకు ఒకటి, సమానం కాదు కాబట్టి కొట్టేయడం ఉండదు. టెక్నికల్‌ది ఎప్పుడైనా ముందు. వాళ్లలో ఎవరైనా వేయొచ్చు, లేన్‌లో (బాస్కెట్ ముందు రీబౌండ్ కోసం నిలబడే చోట) ఎవరూ నిలబడరు. అదయ్యాక మీవాడి రెండు, అప్పుడు అందరూ లైన్‌లోకి వస్తారు. ఇంకో సంగతి, మీవాడు నోరు జారింది అండ్-వన్ కోసం బంతి చేతికొచ్చాక అయితే కొట్టేయడానికి వీల్లేదు, ఆ ఫ్రీ త్రో మీకు ఉండేది, టెక్నికల్‌ది వాళ్లకూ ఉండేది. తిట్టేదేదో కాస్త ఆగి తిట్టాల్సింది 😀

కోరమంగళ_విజిల్: సుబ్బారావు గారు చెప్పింది కరెక్ట్. నేను లోకల్ మ్యాచ్‌లకు రెఫరీగా విజిల్ పడతాను, నిజానికి నాకు టెన్షన్ పెట్టేది ఇది కాదు, చివరి ఫ్రీ త్రోకి రీబౌండ్ దగ్గర తోపులాట. షూటర్ చేతిలోంచి బంతి వెళ్లగానే టీమ్ కంట్రోల్ పోయినట్టే. ఆ క్షణంలో షూటర్ టీమ్ వాడు ఎదుటివాణ్ని మోచేత్తో నెట్టాడనుకో, అది టీమ్ కంట్రోల్ ఫౌల్ (బంతి తమ చేతిలో ఉన్న టీమ్ చేసేది, దానికి ఫ్రీ త్రోలుండవు) కింద రాదు, వాళ్ల టీమ్‌కి ఆ క్వార్టర్‌లో అప్పటికే నాలుగు ఫౌల్స్ ఉంటే అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. గాల్లో ఉన్న బంతి పడితే ఆ పాయింటూ ఉంటుంది. మేం ఫ్రీ త్రో వేస్తుంటే వాళ్లకెలా ఇస్తావని బెంచ్ మొత్తం లేచి మీదికొస్తుంది. అందుకే నేను బంతి ఇచ్చేముందు లేన్‌లో ఉన్నవాళ్లకి చేతులు దగ్గర పెట్టుకోమని ఒకసారి గట్టిగానే చెప్తాను, టీమ్ ఫౌల్స్ ఎన్నో స్కోరర్ టేబుల్ వైపు చూసి మరీ ఇస్తాను.