కొత్త స్టార్టప్ గురించి రెడిట్, హ్యాకర్ న్యూస్‌లలో చెప్పడం ఎలా? స్పామ్ ముద్ర పడకుండా

పీజీ_కాపలా (ప్రశ్న)
నమస్తే అండీ. హైదరాబాద్ నుంచి ఇద్దరం కలిసి పోస్ట్‌గ్రెస్ (ఓపెన్ సోర్స్ డేటాబేస్) బ్యాకప్‌లను పరీక్షించే టూల్ తయారుచేస్తున్నాం. రోజూ తీసే బ్యాకప్‌ను ఒక తాత్కాలిక కంటైనర్‌లో (మిగతా సిస్టమ్‌ను తాకకుండా విడిగా నడిచే చోటు) రిస్టోర్ చేసి, టేబుళ్లు, వరుసల సంఖ్య సరిపోయాయో లేదో చెబుతుంది. కోడ్ ఓపెన్ సోర్స్, డ్యాష్‌బోర్డుకు మాత్రం నెలవారీ చందా. యాడ్స్‌కు డబ్బు లేదు. మొదటి వందమంది యూజర్లు కమ్యూనిటీల నుంచే రావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ క్రమంలో వెళ్లాలి?

మెట్టపొలం
రెడిట్ గురించి చెబుతాను. చాలా సబ్‌రెడిట్లలో (ఒక్కో అంశానికి విడిగా ఉండే చర్చా గుంపులు) ఆటోమోడరేటర్ అనే బాట్ ఉంటుంది. అకౌంట్ మరీ కొత్తదైనా, కర్మ (ఇతరుల ఓట్లతో వచ్చే పాయింట్లు) తక్కువైనా లింకున్న పోస్టును తీసేస్తుంది. హద్దు ఎంతో సాధారణంగా బయటపెట్టరు. చిక్కేమిటంటే, తీసేసిన పోస్టు మీ తెరమీద మామూలుగానే కనబడవచ్చు. అందుకే పెట్టిన వెంటనే లాగౌట్ అయిన బ్రౌజర్‌లో ఆ సబ్‌రెడిట్‌ను కొత్త పోస్టుల వరుసలో తెరిచి చూడండి. అక్కడ కనబడకపోతే మళ్లీ మళ్లీ పెట్టకండి. ఆ గుంపును చూసుకునే మోడరేటర్లకు మోడ్‌మెయిల్‌లో (వాళ్లకు సందేశం పంపే చోటు) రెండు వాక్యాలు రాసి ఆగండి.

ఒకే లింకును ఒకే రోజు నాలుగైదు చోట్ల పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. స్పామ్ ఫిల్టర్ అకౌంట్‌తో ఆగదు, మీ డొమైన్‌నే అనుమానిస్తుంది. తర్వాత మీ యూజర్ ఎవరైనా ఇష్టంగా ఆ లింకు ఇచ్చినా అది కనబడకుండా పోతుంది. షార్ట్‌నర్‌తో కుదించిన లింకులు కూడా వాడొద్దు, చాలా చోట్ల వాటిని నేరుగా తీసేస్తారు.

ముందు మూడు నాలుగు వారాలు లింకు లేకుండా జవాబులు రాయండి. మీ రంగంలో అడిగేవాళ్లకు కొదవ లేదు. ‘రిస్టోర్ చేస్తే రోల్ లేదని ఎర్రర్ వస్తోంది’ అని ఎవరైనా అడిగితే, పీజీ-డంప్ (డంప్, అంటే బ్యాకప్ ఫైలు, తీసే కమాండ్) ఒక్క డేటాబేస్‌నే తీస్తుందనీ, రోల్స్ (డేటాబేస్ యూజర్ ఖాతాలు) సర్వర్ మొత్తానికి చెందినవి కాబట్టి అందులో రావనీ, వాటిని పీజీ-డంప్‌ఆల్‌లోని గ్లోబల్స్-ఓన్లీ ఆప్షన్‌తో విడిగా తీసుకోవాలనీ చెప్పండి. కొత్త వెర్షన్‌తో తీసిన డంప్ పాత పీజీ-రిస్టోర్ కమాండ్‌తో తెరుచుకోకపోవచ్చన్నదీ అలాంటిదే. ఇలాంటి జవాబు సెర్చ్‌లో ఏళ్లతరబడి నిలుస్తుంది, మీ ప్రొఫైల్ చూసినవాళ్లకు టూల్ దానంతటదే కనబడుతుంది. పేరు చెప్పాల్సివస్తే ‘ఇది మేం చేసిందే’ అని అదే వాక్యంలో రాయండి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలోనైతే ఆ సంబంధం వెల్లడించడం నియమం.

నల్లరేగడి
హ్యాకర్ న్యూస్ లెక్క వేరు. 2007లో స్టార్టప్‌లకు పెట్టుబడిపెట్టే వై కాంబినేటర్ మొదలుపెట్టిన టెక్ వార్తలు, చర్చల సైటు అది, అక్కడ సొంతంగా చేసినవి చూపించే షో హెచ్‌ఎన్ అనే విభాగానికి రాసిపెట్టిన నియమాలున్నాయి. జనం అప్పటికప్పుడు వాడి చూడగలిగినదే పెట్టాలి. ల్యాండింగ్ పేజీ, వెయిటింగ్ లిస్ట్ పనికిరావు. ఈమెయిల్ అడిగే తెర కూడా లేకపోతేనే మేలు. మీకైతే ఒకే డాకర్ (కంటైనర్లను నడిపే సాఫ్ట్‌వేర్) కమాండ్‌తో, మీరే ఇచ్చే నమూనా డంప్ మీద రెండు నిమిషాల్లో ఫలితం చూపించగలగాలి. అది కుదిరేదాకా పోస్టు వాయిదా వేయండి, ఇంకో వారం పట్టినా ఫరవాలేదు.

శీర్షికలో ‘విప్లవాత్మక’, ‘అత్యుత్తమ’ లాంటి మాటలు వద్దు. ‘పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ నిజంగా రిస్టోర్ అవుతుందో పరీక్షించే టూల్’ అన్న అర్థంతో ఇంగ్లీషులో పెట్టండి చాలు. పోస్టు పెట్టగానే మొదటి కామెంట్ మీరే రాయండి: ఏ సమస్య కోసం చేశారు, లోపల ఎలా పనిచేస్తుంది, ఇంకా ఏం చేయలేదు, డబ్బు దేనికి. మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘మా డేటాబేస్ డంప్ మీ చేతికెందుకు ఇవ్వాలి?’ అన్నదే. ఏ డేటా వాళ్ల మెషీన్ దాటదో, టూల్ బయటికి ఏ నెట్‌వర్క్ కాల్స్ చేస్తుందో, లైసెన్స్ ఏదో ముందే రాసి పెట్టుకోండి.

స్నేహితుల వాట్సాప్ గ్రూపులో లింకు వేసి ‘ఓటెయ్యండి’ అనొద్దు. ఓట్లు కూడగట్టడాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ అక్కడుంది, దొరికితే పోస్టు కిందికి జారిపోతుంది. పొగడ్త కామెంట్లు రాయించడం కూడా నిషేధమే, పాఠకులు వాటిని ఇట్టే పసిగడతారు.

విమర్శ వస్తే కంగారుపడొద్దు. 2007 ఏప్రిల్‌లో డ్రూ హ్యూస్టన్ తన ఫైల్ స్టోరేజ్ సేవ డ్రాప్‌బాక్స్‌ను అక్కడ పరిచయం చేస్తే, లినక్స్‌లో అప్పటికే ఉన్న ఎఫ్‌టీపీ, ఎస్‌వీఎన్ టూల్స్‌తో ఇది తేలిగ్గా చేసుకోవచ్చని ఒకరు రాశారు. హ్యూస్టన్ వాదనకు దిగకుండా ఒక్కో అంశానికీ సావధానంగా జవాబిచ్చారు. ఆ తీరు చదివి నేర్చుకోదగ్గది. ‘క్రాన్‌లో (వేళకు పనులు నడిపే లినక్స్ టూల్) నాలుగు లైన్ల స్క్రిప్ట్ చాలదా?’ అని మిమ్మల్నీ అడుగుతారు. చాలే సందర్భాలు ఏవో ఒప్పుకోండి, చాలనివి ఉదాహరణతో చూపించండి.

కాలవగట్టు
ఒక మాట కలుపుతాను. లెక్కలు చూసేటప్పుడు సైటుకొచ్చిన జనాన్ని చూసి మురిసిపోవద్దు. ఎంతమంది సొంత బ్యాకప్ మీద మొదటి పరీక్ష పూర్తిచేశారు, వాళ్లలో రెండు వారాల తర్వాత ఎంతమంది నడుపుతున్నారు, ఈ రెండే చూడండి. లింకుకు యూటీఎం తోక (ఎక్కడినుంచి వచ్చారో చెప్పే గుర్తు) తగిలించినా మొబైల్ యాప్‌ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కడివాళ్లో తరచు తేలదు. డ్యాష్‌బోర్డు సైనప్‌లో ‘మా గురించి ఎక్కడ విన్నారు?’ అని ఒక ఖాళీ గడి పెడితే ఎక్కువ తెలుస్తుంది. ఆప్షన్ల జాబితా ఇవ్వకండి, వాళ్ల మాటల్లోనే రాయనివ్వండి.

హైదరాబాద్, ఆంధ్ర పేర్లతో ఉన్న సబ్‌రెడిట్లలో పెడితే మనవాళ్ల అభినందనలొస్తాయి, యూజర్లు రారు. డేటాబేస్ చూసుకునేవాళ్లు పోస్ట్‌గ్రెస్, సిస్‌అడ్మిన్, సెల్ఫ్‌హోస్టెడ్ సబ్‌రెడిట్లలో ఉంటారు. ఇదే టూల్ గుంటూరు మిర్చి వ్యాపారుల బిల్లింగ్ కోసమైతే వీటిలో ఒక్కటీ పనికిరాదు. అప్పుడు వాళ్ల వాట్సాప్ గ్రూపులు, వాళ్ల లెక్కలు చూసే అకౌంటెంట్లే దారి.

పీజీ_కాపలా
చాలా థాంక్స్ అండీ. షో హెచ్‌ఎన్, ప్రొడక్ట్ హంట్ (కొత్త ఉత్పత్తులను పరిచయం చేసే సైటు) ఒకే రోజు పెట్టొచ్చా? మన టైమ్ ప్రకారం ఎప్పుడు?

నల్లరేగడి
ఒకే రోజు వద్దు. ఇద్దరే ఉన్నారు, రెండుచోట్లా జవాబులివ్వలేరు. ప్రొడక్ట్ హంట్‌లో రోజు పసిఫిక్ టైమ్ అర్ధరాత్రి 12:01కి మొదలవుతుంది. అంటే మనకు అమెరికా వేసవి టైమ్‌లో మధ్యాహ్నం 12:31, చలికాలంలో 1:31. హ్యాకర్ న్యూస్‌కు అలాంటి గడియ లేదు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 8 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 5:30, చలికాలంలో 6:30. అప్పుడు పెడితే పడుకునేలోపు నాలుగైదు గంటలు కామెంట్ల దగ్గర కూర్చోవచ్చు. రాత్రి ఒకరు, తెల్లవారుజామున ఒకరు వంతులు వేసుకోండి. ముందుగా షో హెచ్‌ఎన్, అక్కడ బయటపడ్డ బగ్గులు సరిచేశాక ప్రొడక్ట్ హంట్. హ్యాకర్ న్యూస్‌లో ఎవరూ పట్టించుకోకపోతే పోస్టు డిలీట్ చేసి మళ్లీ పెట్టకండి, నియమాల్లో వద్దనే ఉంది. కొన్నాళ్లు ఆగి, టూల్‌లో చెప్పుకోదగ్గ మార్పు వచ్చాక ఇంకోసారి పెట్టండి.