నార్వే తీరం వెంట చలికాలం క్రూజ్: క్యాబిన్ ఎడమ వైపా కుడి వైపా, ఏ నెలలో వెళ్తే మంచిది?

విశాఖ_తీరం

అందరికీ నమస్కారం అండి. నార్వేలో బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా తీరం వెంట వెళ్ళే షిప్పులు ఉన్నాయి కదా, హుర్టిగ్రుటెన్ వాళ్ళవీ హావిలా వాళ్ళవీ, 2027 మొదట్లో అందులో వెళ్దామని గట్టిగా అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, మా అమ్మ. అమ్మకి 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్నా నిదానంగా నడుస్తుంది, ఆకాశంలో ఆ పచ్చ వెలుగు, అదే నార్తర్న్ లైట్స్, ఒక్కసారి కళ్ళారా చూడాలని ఎప్పట్నించో అంటోంది, అందుకే ఈ ప్రయాణం.

బుకింగ్ పేజీ తెరిస్తే నంబరు వాళ్ళే ఇచ్చే చౌక టికెట్ ఒకటి, క్యాబిన్ మనమే ఎంచుకునే టికెట్ ఒకటి ఉన్నాయి. ఎంచుకునేదానికి డబ్బులు ఎక్కువ. అంత పెట్టి ఎంచుకుంటే పోర్ట్ వైపు తీసుకోవాలా స్టార్‌బోర్డ్ వైపు తీసుకోవాలా? నార్తర్న్ లైట్స్ ఏ వైపు కిటికీలోంచి కనిపిస్తాయి? జనవరిలో వెళ్ళాలా మార్చిలోనా? ఒక వైపు టికెట్ తీసుకుని కిర్కెనెస్‌లో దిగి ఫ్లైట్ ఎక్కేస్తే సరిపోతుందా లేక రౌండ్ ట్రిప్పే చెయ్యాలా? ఇంకోటి, అమ్మకి అరకు ఘాట్ రోడ్డు ఎక్కితేనే వాంతులు అవుతాయి, సముద్రం మీద ఎలా ఉంటుందోనని భయంగా ఉంది. వెళ్ళొచ్చిన వాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

కరీంనగర్_టు_ఓస్లో

అన్నా నమస్తే. నేను ఓస్లోల ఉంటున్న, మా ఇంటోళ్ళతోని చలికాలం ఈ షిప్పుల పోయి వచ్చినం, నాకు తెలిసింది చెప్తా.

ముందుగాల వైపు సంగతి. షిప్ ముందరికి మొకం పెట్టి నిలబడితే ఎడమ చెయ్యి దిక్కు పోర్ట్, కుడి చెయ్యి దిక్కు స్టార్‌బోర్డ్. బెర్గెన్ నుంచి పైకి పోయేటప్పుడు ఉత్తరం దిక్కు పోతది కాబట్టి కుడి దిక్కు నార్వే నేల, ఎడమ దిక్కు సముద్రం. హోనింగ్స్‌వోగ్ దాటినంక తూర్పుకు తిరుగుతది, అప్పుడు ఎడమ దిక్కు మొత్తం బారెంట్స్ సముద్రం, అదే ఉత్తరం కూడా. వాపస్ వచ్చేటప్పుడు ఇదంత ఉల్టా. గని ఇది మ్యాప్ మీది లెక్క అన్నా, చాలా తొవ్వ దీవుల నడుమ నుంచే పోతది కాబట్టి రెండు దిక్కులా కొండలు కనిపిస్తనే ఉంటయి. లోఫోటెన్ కాడికి వస్తే ఈ లెక్క కూడా పనిచెయ్యదు, బోడో నుంచి వెస్ట్‌ఫ్యోర్డ్ దాటి స్టామ్‌సుండ్, అక్కడి నుంచి స్వోల్వేర్ పోయేటప్పుడు ఆ కొండలన్నీ ఎడమ దిక్కే నిలబడి ఉంటయి, గని అక్కడికి చేరేసరికి రాత్రి అయితది, చలికాలం చీకట్ల ఏం అగుపడదు.

అందుకే నేనైతే రౌండ్ ట్రిప్ తీసుకోమంట. పోయేటప్పుడు రాత్రి దాటిన జాగలు వచ్చేటప్పుడు పగలు దాటేటట్టు టైమ్‌టేబుల్ పెట్టిన్రు. వాపస్‌ల సోర్ట్‌లాండ్, స్టోక్‌మార్క్‌నెస్ మధ్యాహ్నం వస్తయి, స్టోక్‌మార్క్‌నెస్‌ల ఈ షిప్పుల మ్యూజియమే ఉన్నది, 1956 నాటి పాత షిప్పును ఒడ్డు మీదికి తెచ్చి అద్దాల బిల్డింగుల పెట్టిన్రు. ఆ తర్వాత రాఫ్ట్‌సుండ్ అని సన్నటి దారిల నుంచి పోతది, రెండు దిక్కులా మంచు కొండలు దగ్గరికి వచ్చేస్తయి, మార్చిల అయితే అప్పటికింకా వెలుతురు ఉంటది. తెల్లారి సాండ్‌నెస్‌షోయెన్ దాటినంక సెవెన్ సిస్టర్స్ కొండలు పట్టపగలు కనిపిస్తయి, వాపస్‌ల అవి ఎడమ దిక్కు.

ఇంకో పెద్ద లాభం రాత్రుల లెక్క. ఆర్కిటిక్ సర్కిల్ పైన పోయేటప్పుడు 3 రాత్రులు, రౌండ్ ట్రిప్ అయితే 6 రాత్రులు దొరుకుతయి. మబ్బు పట్టిందంటే ఎంత పెద్ద వెలుగు వచ్చినా కనబడదు, అందుకే రాత్రులు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. కంపెనీలు నార్తర్న్ లైట్స్ గ్యారంటీ అని ఇస్తయి కదా, హుర్టిగ్రుటెన్‌ది రౌండ్ ట్రిప్ టికెట్‌కే వర్తిస్తది, సీజన్‌ల ఒక్కసారి కూడా కనబడకపోతే ఇంకో ట్రిప్ ఫ్రీ. షరతులు మాత్రం మంచిగ చదువుకోండ్రి.

కాకినాడ_డెక్_ఆఫీసర్

దిక్కుల గురించి పైన ఆయన చెప్పింది కరెక్ట్ అండి. నేను మర్చంట్ నేవీలో ఉన్నాను, ప్యాసింజర్ షిప్పుల మీద కూడా పనిచేశాను కాబట్టి ఆ కోణంలో చెప్తాను. అమ్మగారి పరిస్థితికి వైపు కన్నా క్యాబిన్ ఎక్కడ ఉందన్నదే ముఖ్యం అండి.

కెరటాలకి షిప్పు ముందు భాగం, వెనక భాగం లేచి పడుతూ ఉంటాయి, మధ్య భాగం అంతగా కదలదు. పక్కలకి ఊగడం పై డెక్కుల్లో బాగా తెలుస్తుంది, కిందకి వచ్చేకొద్దీ తగ్గుతుంది. అందుకని మధ్యలో, మరీ పైన కాకుండా తీసుకోండి. పై డెక్కులో ముందు వైపు సూట్ వ్యూ బాగుంటుందని చూపిస్తారు, వాంతులయ్యే మనిషికి అది అస్సలు వద్దు, పైగా ముందు వైపు కింది క్యాబిన్లలో షిప్పు రేవుకి వచ్చిన ప్రతిసారీ బో థ్రస్టర్ (షిప్పు ముందు భాగాన్ని పక్కకి తోసే ఫ్యాను) మోత వినపడుతుంది. ఈ రూట్లో 34 రేవులు అండి, అర్ధరాత్రి తెల్లవారుజాము అని లేదు, కొన్నిచోట్ల పావుగంట ఆగి వెళ్ళిపోతుంది. ఇవి ఊళ్ళకి సరుకు మోసే షిప్పులు కూడా కాబట్టి ఆగిన ప్రతిచోటా ఫోర్క్‌లిఫ్ట్ తిరుగుతుంది, సరుకు తలుపు సాధారణంగా పోర్ట్ వైపు ఉంటుంది. నిద్ర పల్చగా పట్టేవాళ్ళయితే మధ్య భాగమే కానీ స్టార్‌బోర్డ్ వైపు, ఆ తలుపుకి ఒకటి రెండు డెక్కులు పైన చూసుకుంటే నయం.

నిజంగా ఊగేది ఎక్కడంటే దీవుల అడ్డం లేని చోట్ల. బెర్గెన్ దాటిన రాత్రి స్టాడ్, తర్వాత హుస్టాడ్‌వికా, బోడో నుంచి లోఫోటెన్‌కి వెళ్ళే వెస్ట్‌ఫ్యోర్డ్, ఆఖర్న నార్త్ కేప్ తర్వాత ఫిన్‌మార్క్ తీరం. షిప్పుకి స్టెబిలైజర్లు ఉంటాయి, అవి పక్కలకి ఊగడాన్ని తగ్గిస్తాయి కానీ ముందుకీ వెనక్కీ లేవడాన్ని ఆపలేవు. మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకుంటే నిలవదు, ముందే వెయ్యాలి, ఏ మాత్ర అన్నది మీ డాక్టర్ గారిని అడగండి, పెద్దవాళ్ళకి బీపీ మందులూ అవీ ఉంటాయి కదా.

డెక్ ప్లాన్ తప్పకుండా డౌన్‌లోడ్ చేసుకోండి. మూడు చూడండి: కిటికీ ముందు లైఫ్‌బోట్ వేలాడుతోందా, కిటికీ ముందు నుంచి జనం నడిచే ప్రొమెనేడ్ ఉందా, లిఫ్ట్ ఎంత దూరం. హుర్టిగ్రుటెన్ షిప్పుల్లో చాలావాటికి 5వ డెక్ చుట్టూ నడిచే దారి ఉంటుంది, ఆ డెక్కులో కిటికీ ఉన్న క్యాబిన్ తీసుకుంటే రోజంతా కర్టెన్ వేసుకునే కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడ అర్ధరాత్రి లేచి డెక్ మీదకి రావాలంటే లిఫ్ట్ పక్కన క్యాబిన్ ఉండడం ఎడమా కుడీ కన్నా వంద రెట్లు మేలు.

రాత్రి_ఫోటోలు

ఫోటోలు తీసేవాణ్ణి కాబట్టి ఒక మాట అండి, కిటికీలోంచి చూద్దామన్న ఆలోచన వదిలెయ్యండి. క్యాబిన్ అద్దంలో లోపలి లైటు ప్రతిబింబిస్తుంది, కర్టెన్ వెనక దూరి లైట్లన్నీ ఆపినా ఆకాశంలో చిన్న ముక్కే కనిపిస్తుంది. ట్రోమ్సో చుట్టుపక్కల ఉన్నప్పుడు ధ్రువం చుట్టూ ఉండే ఆ వెలుగు రింగు దాదాపు మన నెత్తి మీదే ఉంటుంది, మామూలు రోజుల్లో ఉత్తరం వైపు లేచి మెల్లగా పైకొస్తుంది, గట్టిగా ఉన్న రోజున దక్షిణం వైపు కూడా పాకుతుంది, అలాంటప్పుడు ఏ క్యాబిన్ అయితే ఏంటి, డెక్ మీదకి వెళ్ళి తల పైకెత్తాల్సిందే. రాత్రి కనిపించగానే షిప్పులో అనౌన్స్ చేస్తారు, క్యాబిన్లో స్పీకర్ ఆన్ చేసి పడుకోండి, చాలామంది నిద్ర చెడుతుందని ఆపేసి పొద్దున్నే బాధపడతారు. వచ్చేటప్పుడు కిర్కెనెస్ నుంచి పడమరకి వస్తారు, ఆ భాగంలో స్టార్‌బోర్డ్ ఉత్తరం వైపు ఉంటుంది, వెళ్ళేటప్పుడు అదే చోట పోర్ట్ ఉంటుంది, అంటే రౌండ్ ట్రిప్‌లో ఏది తీసుకున్నా మీకు రెండూ వస్తాయి.

నెల విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు అసలు ఉదయించడు, మధ్యాహ్నం కొద్ది గంటలు నీలం వెలుతురు మాత్రం ఉంటుంది. ఆ నీలం చాలా అందంగా ఉంటుంది, కాదనను, కానీ ఇంత దూరం వచ్చి ఆ కొండలూ, వాటి మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు ఫ్యోర్డ్‌లూ చూడ్డానికి రోజుకి రెండు మూడు గంటలే దొరికితే పెద్దావిడకి దిగులుగా ఉంటుంది. మార్చి మొదటి వారానికి పగలు సుమారు 10 గంటలకి వచ్చేస్తుంది, మంచు ఇంకా నిండుగా ఉంటుంది, రాత్రి చీకటి కూడా సరిపోను ఉంటుంది. దానికి తోడు సెప్టెంబరు, మార్చి నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర, భూమి అయస్కాంత క్షేత్రానికీ సూర్యుడి నుంచి వచ్చే గాలికీ కుదిరే కోణం వల్ల ఈ వెలుగులు మిగతా నెలల కన్నా చురుగ్గా ఉంటాయి. ఏప్రిల్‌లోకి జరిగారంటే రాత్రులు తెల్లబడిపోతాయి.

నెల కుదిరాక చూడాల్సింది చంద్రుణ్ణి. పౌర్ణమి దగ్గర అయితే మంచు కొండలు వెన్నెల్లో బాగుంటాయి కానీ పల్చటి వెలుగులు కనిపించకుండా పోతాయి. మన వాళ్ళకి దీనికి వేరే యాప్ అక్కర్లేదు, గోడ మీద క్యాలెండర్ చాలు. మహాశివరాత్రి ఎప్పుడూ అమావాస్య ముందే వస్తుంది, 2027లో అది మార్చి 6. మార్చి 2 చుట్టుపక్కల బెర్గెన్‌లో ఎక్కితే సర్కిల్ పైన ఉన్న 6 రాత్రుల్లోనూ వెన్నెల అడ్డం ఉండదు.

ఫోన్‌లో తీసేటప్పుడు నైట్ మోడ్‌ని పది సెకన్లకి పెట్టకండి, షిప్పు కదులుతుంది కాబట్టి అంతా చెరిగిపోతుంది, రెండు మూడు సెకన్లు చాలు. ఫోన్‌ని లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండేలా పెట్టుకోండి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది.

విశాఖ_తీరం

అబ్బా, ఇంత ఓపిగ్గా రాసినందుకు ముగ్గురికీ చాలా థాంక్స్ అండి. శివరాత్రి మాట చదివి వినిపించగానే అమ్మ లేచి కూర్చుంది, ఎలాగూ జాగారం చేస్తుంది కదా, ఆ రాత్రి డెక్ మీదే ఉంటానంటోంది. నేను లెక్క వేస్తే మార్చి 2న ఎక్కితే 6వ తేదీ సాయంత్రం ట్రోమ్సో నుంచి బయల్దేరతాం, అంతేనా? మధ్య భాగంలో స్టార్‌బోర్డ్ వైపు, లిఫ్ట్ దగ్గర 6వ డెక్కులో ఒకటి ఖాళీ కనిపిస్తోంది, కిటికీ ముందు లైఫ్‌బోట్ లేదు, దాన్నే ఖాయం చేద్దామనుకుంటున్నాం. అమ్మ గుడ్డు కూడా తినదు, పైగా ఆ రోజు ఉపవాసం, తిండి ఎలా? చలికి ఎలాంటి బట్టలు కావాలి?

కరీంనగర్_టు_ఓస్లో

లెక్క కరెక్టే అన్నా, 2న ఎక్కితే 6న మధ్యాహ్నం ట్రోమ్సో వస్తది, సాయంత్రం ఆరు దాటినంక కదులుతది. బెర్గెన్ నుంచి రోజూ ఒక షిప్ ఉంటది గని ఒకనాడు ఒక కంపెనీది, ఇంకోనాడు ఇంకోదానిది, మీరనుకున్న షిప్ ఆ తేదీకే ఉన్నదో లేదో చూసుకోండ్రి.

తిండికి బుక్ చేసేటప్పుడే గుడ్డు లేని వెజిటేరియన్ అని రాసి పెట్టండ్రి, ఎక్కినంక మళ్ళ రెస్టారెంట్‌ల ఒక్కసారి చెప్పండ్రి. బ్రెడ్డు, ఉడికిన ఆలుగడ్డలు, సలాడ్, పండ్లు దొరుకుతయి. మా అమ్మకైతే రోజూ అదే తినుడు కష్టమైంది, మేం నిమ్మకాయ తొక్కు, కారప్పొడి తీస్కపోయినం. ఉపవాసం నాటికి పండ్లు, పెరుగు దొరుకుతయి, ఖర్జూరాలు ఇంటి నుంచే తెచ్చుకోండ్రి.

చలి అంటే సముద్రం ఒడ్డు కాబట్టి ట్రోమ్సో కాడ మరీ అంత ఉండది, మైనస్ నాలుగు ఐదు ఉంటది మామూలుగా, కిర్కెనెస్ మాత్రం చాలా తక్కువకు పడిపోతది, అది ఇస్తాంబుల్ కన్నా తూర్పున ఉంటది తెలుసా. అసలు కొట్టేది గాలి. ఒంటికి ఆనుకుని ఉన్ని బట్ట, దాని మీద స్వెటర్, పైన గాలి ఆగే జాకెట్. డెక్ మీద మంచు గడ్డకట్టి జారుతది, అమ్మకు బూట్ల కింద తొడుక్కునే ముళ్ళ పట్టీలు కొనండ్రి, బెర్గెన్‌ల దొరుకుతయి. జాగారం రాత్రి అంతసేపు బయట నిలబెట్టకండ్రి, పై డెక్కుల అద్దాల లాంజ్ ఉంటది, అక్కడ కూర్చోబెట్టి వెలుగు వచ్చినప్పుడు బయటికి తీస్కపోండ్రి.

ఒక్క ముచ్చట యాదికి పెట్టుకోండ్రి. షిప్ ఎక్కే రోజే బెర్గెన్‌ల ల్యాండ్ అయ్యేటట్టు ఫ్లైట్ పెట్టుకోకండ్రి, ఒక రాత్రి ముందే రండ్రి, మార్చిల ఇక్కడ ఫ్లైట్లు మంచుకు ఆలస్యమైతయి, షిప్ మాత్రం మీ కోసం ఆగది. దిగిన రోజు కూడా వెంటనే ఇండియా ఫ్లైట్ వద్దు, తుఫాను ఉంటే కొన్ని రేవులు వదిలేసినా షిప్ లేట్ అయితది.