ప్రభుత్వ కళాశాల సీటా, మూడింతల ఖర్చుతో ప్రైవేటు సీటా: డబ్బుపరంగా ఏది గిట్టుబాటు?

ప్రశ్న

మా తమ్ముడికి కంప్యూటర్ సైన్సులో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ప్రభుత్వ కళాశాల, రెండోది కాస్త పేరున్న ప్రైవేటు కళాశాల. ఫీజు, హాస్టల్, పుస్తకాలు అన్నీ కలిపి చూస్తే నాలుగేళ్లకు రెండోదాని ఖర్చు మూడింతలు. ఆ తేడా అంతా అప్పు చేయాల్సిందే, అప్పుకు నేను పూచీ ఉండాలి. "చదువు దగ్గర లెక్కలు చూడకూడదు" అంటున్నారు ఇంట్లో పెద్దలు. నాకు మాత్రం చూడాలనే ఉంది, వాడి వెనుక చెల్లెలు కూడా ఉంది కాబట్టి. ప్రైవేటు కళాశాలవారు ఇచ్చిన పుస్తకంలో అత్యధిక జీతం ఎంతో పెద్ద అక్షరాలతో వేశారు. దాన్ని ఎంతవరకు నమ్మాలి? ప్రభుత్వ కళాశాలలో చదివితే రేపు జీతంలో నిజంగా అంత నష్టపోతాడా? లెక్క ఎలా వేయాలో తెలిసినవారు చెప్పండి.

మొదటి జవాబు

బ్యాంకులో విద్యారుణాలు చూస్తాను కాబట్టి అప్పు సంగతి మాత్రం చెబుతాను. ప్రభుత్వ కళాశాల మొత్తం ఖర్చు 100 అనుకోండి. ప్రైవేటుది 300. తేడా 200ను ఏటా 50 చొప్పున, ప్రతి ఏడాది మొదట్లో అప్పు తెస్తారు. వడ్డీ 10 శాతమై, చదువు నడిచినంత కాలం అది అసలులో కలుస్తూ పోతే, పట్టా చేతికొచ్చే నాటికి బాకీ 255 అవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే ఏటా దాదాపు 42 కట్టాలి. మొత్తం కట్టేది 415. అంటే ప్రైవేటు పట్టా ఉన్నందుకే మీ తమ్ముడికి పన్నులు పోగా ఏటా 42 అదనంగా రావాలి, అదీ పదేళ్లపాటు ఆగకుండా. అప్పటికి గాని లెక్క సమానం కాదు. చదువుతుండగానే ఎప్పటి వడ్డీ అప్పుడు కడుతూ వస్తే బాకీ 200 దగ్గరే ఆగుతుంది, వాయిదా 33కు దిగుతుంది. మీ వడ్డీ రేటు వేసి ఒకసారి చూసుకోండి. ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైతే ఆ వాయిదాలు పూచీ ఉన్న మీ మీద పడతాయి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

రెండో జవాబు

నేను ఒక ప్రభుత్వ కళాశాల పరీక్షల విభాగంలో చాలాకాలం పనిచేసి విరమణ పొందాను. అయినా ముందుగా ప్రభుత్వ కళాశాలల గురించి చేదు మాటే చెబుతానమ్మా. ఫీజు తక్కువని చేరి మధ్యలో మానేసినవారిని, రెండు సబ్జెక్టులు మిగిలిపోయి పట్టా లేకుండా ఏళ్ల తరబడి తిరిగినవారిని చూశాను. మొదటి సంవత్సరం పేర్ల జాబితాను పట్టాల రిజిస్టరు పక్కన పెట్టి సరిచూడటం నా పనుల్లో ఒకటి. ఒక విభాగం జాబితా దాదాపు చెక్కుచెదరకుండా చివరిదాకా వచ్చేది. అదే భవనంలో, అదే ఫీజుతో నడిచే ఇంకో విభాగం జాబితాలో ఎర్ర సిరా కొట్టివేతలే ఎక్కువ. మొదటి విభాగంలో అధ్యాపకుల పోస్టులు నిండి ఉండేవి. అంతర్గత పరీక్షలో తప్పిన పిల్లవాడిని వెంటనే పిలిచి కూర్చోబెట్టేవారు. రెండోదానిలో ముఖ్యమైన పాఠాలు కూడా తాత్కాలిక అధ్యాపకులే చెప్పేవారు. ఒకరు వెళ్లిపోతే, కొత్తవారు వచ్చేదాకా ఆ పాఠం ఆగిపోయేది.

అందుకని ఫీజు కాగితం పక్కన పెట్టి, ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ విభాగంలో చేరినవారిలో ఎంతమంది గడువులోపు పట్టా తీసుకుంటున్నారు? కళాశాల మొత్తానికి చెప్పే సంఖ్య మీకు పనికిరాదు, విభాగానిది కావాలి.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మంచి మార్కులు వచ్చినవారికి ప్రభుత్వ కళాశాలల్లో ట్యూషన్ ఫీజు మాఫీ చేసే పథకం ఒకటి ఉంది. కోహోడెస్, గుడ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని పరిశీలించి 2014లో ప్రచురించారు. ఆ మాఫీ విలువ పెద్దదేమీ కాదు, ఇతర తప్పనిసరి రుసుములు ఎలాగూ కట్టాలి. అయినా ఆ కొద్దిపాటి మినహాయింపు కోసం కొందరు ఇంతకంటే మెరుగైన కళాశాలలను వదులుకున్నారు, అలాంటివారిలో డిగ్రీ పూర్తి చేసేవారి శాతం తగ్గింది. పిల్లల తెలివిలో లోటు లేదు, మంచి మార్కులు వచ్చినవారే కదా. చౌక సీటు ఖరీదు ఎక్కడ బయటపడుతుందో నాకు ఇంతకంటే స్పష్టంగా ఎక్కడా కనిపించలేదు.

ఒక ఏడాది ఆలస్యమైతే ఆ ఏటి హాస్టల్ ఖర్చుతో పాటు ఒక ఏడాది జీతం కూడా పోతుంది. చదువును పెట్టుబడిగా లెక్కగట్టిన గ్యారీ బెకర్ లాంటి అర్థశాస్త్రవేత్తలు ఫీజుతో పాటు ఈ వదులుకున్న సంపాదననూ ఖర్చులోనే రాస్తారు. ఇళ్లలో మనం రాయం.

ఇక ఆ పుస్తకంలోని అత్యధిక జీతం. అది ఒక్కరిది. వరుసలో సరిగ్గా నడుమ నిలిచిన విద్యార్థి జీతం ఎంతో చెప్పమనండి. దానితోపాటు ఆ శాతాలు ఎవరిమీద కట్టారో అడగండి. ఉద్యోగాల ఎంపికకు పేరు నమోదు చేసుకున్నవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, అర్హత లేదని ముందే పక్కన పెట్టినవారు ఆ శాతంలో కనిపించరు. చేరినవారందరి మీద కట్టిన శాతం కావాలి. దాన్ని కాగితం మీద ఇవ్వని చోట మూడింతలు కట్టమని నేను ఎవరికీ చెప్పను.

రెండు చోట్లా పూర్తిచేసేవారి శాతం ఒకేలా ఉంటే మాత్రం ఇంకో ఆలోచన వద్దు, ప్రభుత్వ కళాశాలలోనే చేర్పించండి. మిగిలే డబ్బు ఖాయం. జీతంలో వచ్చే తేడా ఊహ.

మూడో జవాబు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క చోట ఆగాలి. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 1976లో అమెరికా కళాశాలల్లో చేరినవారిని తీసుకుని, ఒకే స్థాయి కళాశాలల్లో ప్రవేశం దొరికిన విద్యార్థులను ఒకరితో ఒకరిని పోల్చారు. 2002లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, ప్రవేశం మరింత కఠినంగా ఉండే కళాశాలకు వెళ్లినవారికీ, దాన్ని కాదనుకుని వేరే చోట చదివినవారికీ తరువాతి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే తక్కువ ఆదాయ కుటుంబాల నుంచి వచ్చినవారికి మాత్రం పెద్ద కళాశాల వల్ల మేలు జరిగింది. ఎందుకో నాకు అర్థమవుతుంది. మా ఇంట్లో కళాశాల మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. ఉద్యోగానికి దరఖాస్తు ఎలా రాయాలో, ఎవరిని అడగాలో చెప్పే మనిషి మా చుట్టాల్లో లేరు. అవన్నీ నాకు కళాశాల పూర్వ విద్యార్థులే నేర్పారు. మీ ఇంట్లో ఇప్పటికే ఉద్యోగం చేస్తున్న అక్కగా మీరున్నారు కాబట్టి మీ తమ్ముడికి ఆ అవసరం తక్కువ కావచ్చు. అయినా ప్రభుత్వ కళాశాల పూర్వ విద్యార్థులు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో, కొత్తవారికి ఫోనులో అందుబాటులో ఉంటారో లేదో కనుక్కోండి.

అడిగినవారి మాట

అందరికీ ధన్యవాదాలు. నిన్న రెండు చోట్లా అడిగాను. ప్రభుత్వ కళాశాల విభాగాధిపతి గత బ్యాచ్‌ల పట్టిక తీసి నా ముందు పెట్టారు. తప్పినవారు ఉన్నారు గాని, చాలామంది గడువులోనే పూర్తి చేశారు. లాబ్‌లో కంప్యూటర్లు పాతవని కూడా ఆయనే చెప్పారు. ప్రైవేటు కళాశాలలో వివరాలు రాసి పంపుతామన్నారు. సీటు ఖరారు చేయడానికి శుక్రవారం దాకా గడువుంది. ఈలోగా ఆ కాగితం రాకపోతే తమ్ముణ్ణి ప్రభుత్వ కళాశాలలోనే చేర్పించి, వాడికి మంచి కంప్యూటర్ ఒకటి సొంతంగా కొనిస్తాను. బ్యాంకువారికి పూచీ సంతకం ఇంకా పెట్టలేదు.