కొత్త ఉప్పునీళ్ల ట్యాంకులో రాళ్ల మీద తెల్లటి పొర: ఫంగస్సేనా?

బైరాగిపట్టెడ_ట్యాంక్:
అందరికీ నమస్తే. తిరుపతిలో కొత్త ట్యాంకు. 48×18×18 అంగుళాలు, రాయీ ఇసుకా పోను 200 లీటర్ల నీళ్లు. 18 కిలోల ఎండు రాయి (ఎండిపోయిన సముద్రపు రాయి), 10 కిలోల అరగొనైట్ (సున్నపు) ఇసుక. నీళ్లు పోసి 19 రోజులైంది, చేపలు వేయలేదు.

వారం నుంచి రాళ్ల మీద తెల్లటి పొర వస్తా ఉంది. రెండుచోట్ల దూదిపింజలా ఉంది, మిగతాచోట్ల జిగురుగా ఉంది. హీటరు మీద, వేవ్‌మేకరు (నీళ్లను కదిలించే పంపు) మీద కూడా తెల్లగానే ఉంది కానీ అది గరుకు, గోరుతో గీకితే పొడి రాలతా ఉంది.

రీడింగులు: సాంద్రత 1.025, వేడి 27 డిగ్రీలు, అమ్మోనియా 0.5, నైట్రైట్ 2, నైట్రేట్ 20, కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్ లెక్క) 11, పీహెచ్ రాత్రి 7.8. నింపింది క్యాన్ నీళ్లతో, టీడీఎస్ (కరిగిన లవణాలు) 45. ఆవిరైపోయిన దానికి రోజూ రెండు లీటర్లు బోరు నీళ్లు పోస్తున్నా. పీహెచ్ తక్కువుందని వంటసోడా రెండుసార్లు వేశా, ఆరేసి గ్రాములు.

షాపాయన ఫంగస్ అన్నాడు, మిథిలీన్ బ్లూ వేయమన్నాడు. వేయొచ్చా? ఆదివారం రెండు క్లౌన్ చేపలు తెచ్చేదానికి చెన్నై పోదామనుకుంటున్నా.

రాయలచెరువు_రీఫ్:
మిథిలీన్ బ్లూ వేయకండి. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియానే అది చంపుతుంది. 19 రోజుల కష్టం పోతుంది, రాయికీ సిలికాన్‌కీ నీలం మరక మిగులుతుంది. రాగి కలిసిన మందైతే ఇంకా ఘోరం, రాయీ ఇసుకా దాన్ని పీల్చుకుని పెట్టుకుంటాయి, రేపు నత్తలూ రొయ్యలూ బతకవు.

మీరు చెప్పినదాన్ని బట్టి రెండు వేరువేరు తెల్లదనాలున్నాయి. రాళ్ల మీది మెత్తటిది బాక్టీరియా పొర. ఎండు రాయి రంధ్రాల్లో ఒకప్పుడు బతికిన పురుగులు, స్పాంజీలు ఎండిపోయి లోపలే ఉంటాయి. నీళ్లు తగిలాక అవి నానుతాయి, కుళ్లుతాయి, దాని మీద ఈ పొర పెరుగుతుంది. తినడానికి ఉన్నంతకాలం ఉంటుంది, అయిపోగానే పోతుంది. రెండు వారాల నుంచి ఆరు వారాలు పట్టొచ్చు.

అంతవరకు చూస్తూ కూర్చోమని కాదు. మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి కొని, మూతికి జానెడు ఎయిర్ ట్యూబు తొడగండి. ట్యాంకు నీళ్లే పీల్చి రాయి మీద గట్టిగా కొట్టండి. పొర రేకులుగా లేస్తుంది. లేచినదాన్ని సైఫన్‌తో లాగేయండి, ఫిల్టర్ దూది రెండు రోజులకోసారి మార్చండి. మార్చకపోతే అదే చెత్త దూదిలో కుళ్లి మళ్లీ నీళ్లలోకి వస్తుంది. రాళ్లు బయటికి తీసి కుళాయి కింద బ్రష్షుతో రుద్దడం మాత్రం వద్దు.

ఈ బాక్టీరియా ఆక్సిజన్ బాగా లాగేస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఉప్పునీళ్లలో లీటరుకు 6 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ మాత్రమే నిలుస్తుంది, మంచినీళ్ల కంటే తక్కువ. కాబట్టి ఎయిర్‌స్టోన్ రాత్రంతా నడవాలి. కరెంటు పోయినప్పటికి ఒక బ్యాటరీ ఎయిర్ పంపు చేతిలో ఉంచుకోండి. లైటు రోజుకు రెండు మూడు గంటలు చాలు, అసలు వేయకపోయినా నష్టం లేదు.

ఒకటి చూసి చెప్పండి: దూదిపింజ ఉన్న రాయిని నీళ్లపైకి ఎత్తితే కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా? వస్తే ఆ ఒక్కదాన్ని బయటికి తీసి వేరే బకెట్‌లో, ఉప్పునీళ్లలోనే, పంపు పెట్టి నానబెట్టాలి.

చిత్తూరు_కేహెచ్:
పైన చెప్పింది కరెక్ట్. ఆ గరుకుది నేను చెప్తానన్నా. గీజరు రాడ్డుకు పట్టే సున్నమే అది, కాల్షియం కార్బొనేట్. రాయి మీద వెనిగర్ వేసి నురగొచ్చిందని ఖాయం చేసుకోవద్దు, నీ రాయి కూడా అదే పదార్థం, దేనిమీద వేసినా బుసబుసమంటుంది. హీటరు మీంచి గీకిన పొడిమీద వేసి చూడు.

ఇంకో పని చెయ్. అదే కేహెచ్ కిట్‌తో బోరు నీళ్లు టెస్ట్ చేసి అంకె పెట్టు.

బైరాగిపట్టెడ_ట్యాంక్:
వాసన లేదు. హీటరు పొడి వెనిగర్‌లో పొంగింది. బోరు నీళ్ల కేహెచ్ 17. ఇంకో మాట, పొర పోయేదానికి ట్యాంకులోనే కొంచెం వెనిగర్ పోయొచ్చా?

చిత్తూరు_కేహెచ్:
వెనిగర్ ట్యాంకులో పోస్తే బాక్టీరియాకు మేత వేసినట్టే. నైట్రేట్ తగ్గించేదానికి అనుభవమున్నోళ్లు చుక్కల లెక్కన పోస్తారు, నీకిప్పుడు పొర రెట్టింపవుతుంది.

ఇంగ లెక్క చూడు. ఆవిరయ్యేది వట్టి నీళ్లు, ఉప్పూ సున్నమూ లోపలే ఉంటాయి. 19 రోజుల్లో 38 లీటర్లు పోశావు, ఒక్కో లీటరు 17 కేహెచ్. 17×38 ని 200తో భాగిస్తే 3.2. వంటసోడా 200 లీటర్లలో ఆరు గ్రాములకు కేహెచ్ ఒకటి పెరుగుతుంది, నువ్వు వేసింది 12 గ్రాములు, అంటే 2. ఉప్పు కలిపినప్పుడు 8 అనుకుంటే మొత్తం 13 దాకా ఉండాలి. కిట్ 11 చూపిస్తోంది. తగ్గిన ఆ రెండు ఎక్కడికి పోయాయంటే హీటరు మీదికీ పంపు మీదికీ ఇసుకలోకీ. 200 లీటర్లకు అది సుమారు 7 గ్రాముల సున్నపురాయి. వేడి తగిలేచోట ముందు గట్టిపడుతుంది, అందుకే హీటరు మీద అంత పట్టింది.

కాబట్టి బోరు నీళ్లు ఈరోజే ఆపు. ఆవిరైన దానికి పోసే టాపప్ ఆర్‌ఓ నీళ్లతోనే. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే టీడీఎస్ కంట్రోలర్ స్క్రూ పూర్తిగా మూసి, మినరల్ కార్ట్రిడ్జ్‌కు ముందు నుంచే నీళ్లు పట్టు. మామూలుగా అవి రుచికోసం సున్నాన్ని మళ్లీ కలిపే భాగాలు. చివర, మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెసిన్ గొట్టం పెడితే టీడీఎస్ 0 నుంచి 5కి వస్తుంది. క్యాన్ నీళ్ల 45 కొంపముంచదు గానీ అందులో సిలికేట్ ఉంటే రేపు గోధుమరంగు డయాటమ్ (ఒకరకం నాచు) దుమ్ము ఎక్కువ లేస్తుంది.

వంటసోడా కూడా ఆపు. రాత్రి 7.8 అంటే కేహెచ్ తక్కువై కాదు, గదిలో గాలి ఆడక. ఒక గ్లాసు ట్యాంకు నీళ్లు మేడమీద పెట్టి గంటసేపు ఎయిర్ పంపు ఆడించి పీహెచ్ చూడు. పెరిగిందంటే కార్బన్ డయాక్సైడే. కిటికీ తెరిస్తే సరి.

హీటరు, వేవ్‌మేకరు శుభ్రం చేసేదానికి లీటరు నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల నిమ్మ ఉప్పు కలిపి గంట నానబెట్టి బాగా కడుగు. హీటరు ప్లగ్గు తీసి 20 నిమిషాలు నీళ్లలోనే చల్లారనిచ్చి అప్పుడు పైకి తీయ్, లేదంటే గాజు పగులుతుంది. వేవ్‌మేకరు ఇంపెల్లర్ విప్పి లోపల కూడా చూడు, మోటరు పట్టేసేది అక్కడే.

రాయలచెరువు_రీఫ్:
నీళ్లు మార్చేటప్పుడు ఉప్పు కలిపే పద్ధతి కూడా చూసుకోండి. ముందు నీళ్లు, పంపు ఆడుతుండగా ఉప్పు కొద్దికొద్దిగా. ఉప్పు ముందు పోసి దాని మీద నీళ్లు పోస్తే అడుగున చిక్కబడి అక్కడే తెల్లగా విరుగుతుంది, విరిగింది మళ్లీ కరగదు. 20 లీటర్ల క్యాన్‌కు 700 నుంచి 750 గ్రాములు, చివరికి ఉప్పు సాంద్రత కొలిచే రిఫ్రాక్టోమీటరే ప్రమాణం.

గాండ్లమిట్ట_సాల్ట్:
రెండు చిన్న మాటలు. ముందుముందు లైవ్ రాక్ (జీవాలున్న సముద్రపు రాయి) కలిపితే, ఊదారంగు ఉన్నచోట తెల్లబడి గీకినా రాకపోతే అది పొర కాదు, కోరలైన్ ఆల్గే (రాయికి పట్టే ఊదారంగు నాచు) చనిపోవడం. దారిలో ఎండిపోయినా, సాంద్రత ఒక్కసారిగా మారినా అలా అవుతుంది. ఆవగింజంత తెల్లటి చుట్టలు కనిపిస్తే అవి గొట్టపు పురుగులు, ఏ హానీ లేదు.

తీరంనుంచి పగడపు రాయి ఏరి తెస్తామనేవాళ్లుంటారు. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, ముట్టొద్దు. ఖర్చు తగ్గుతుందని మన కొండరాయి పెట్టడమూ దండగే. తిరుమల క్వార్ట్‌జైట్‌కు రంధ్రాలుండవు, బాక్టీరియాకు చోటు పైపైనే.

బైరాగిపట్టెడ_ట్యాంక్:
చాలా థాంక్స్ అన్నా అందరికీ. మరి క్లౌన్లు?

చిత్తూరు_కేహెచ్:
నైట్రైట్ 2 ఉండగా నీ నైట్రేట్ 20ని కూడా నమ్మేదానికి లేదు, కిట్ రెండిటినీ కలిపి చదువుతుంది. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకొచ్చాక అమ్మోనియాను 2కి పెంచి చూడు. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే చేపలకు సిద్ధం. అప్పుడు 20 శాతం నీళ్లు మార్చి రెండు వెయ్. ఈ ఆదివారం చెన్నైలో అలంకార చేపలమ్మే కొళత్తూరు పోతే డీఐ రెసిన్ తెచ్చుకో, చేపల తొట్ల వైపు చూడొద్దు.