69 కామారో 350కి కార్బొరేటరే ఉంచాలా, ఈఎఫ్ఐ (ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్) కిట్ వేసేయాలా? వాడినోళ్ళు చెప్పండి

కామారో_కిట్టు (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్తే. నా దగ్గర 69 మోడల్ షెవ్రొలే కామారో ఉంది, 350 క్యూబిక్ ఇంచుల స్మాల్ బ్లాక్ ఇంజన్, దానిమీద రాచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బొరేటర్. ఇంజన్ ఒరిజినల్ కాదు, నాకంటే ముందు ఎవరో మార్చేశారు, కాబట్టి నంబర్స్ మ్యాచింగ్ (బండితో ఫ్యాక్టరీలో వచ్చిన ఇంజనే ఉండాలనే) గొడవ నాకు లేదు. సమస్యేంటంటే పొద్దున్నే తీస్తే బ్రహ్మాండంగా నడుస్తుంది, కానీ బాగా వేడెక్కాక ఎక్కడైనా ఆపి ఓ పావుగంట ఇండియన్ స్టోర్‌లోకి వెళ్ళొచ్చి కీ తిప్పితే స్టార్టర్ గిర్రుమని తిరుగుతూనే ఉంటుంది, పెట్రోల్ వాసన గుప్పుమంటుంది, చివరికి యాక్సిలరేటర్ నేలకి తొక్కి పట్టుకుంటే దగ్గుకుంటూ లేస్తుంది. ఇంకోటి, రెండు మూడు వారాలు గ్యారేజ్‌లో కదలకుండా ఉంటే మళ్ళీ స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ప్రాణం పోవాల్సిందే.

ఇక్కడ కార్ మీట్స్‌లో సగం మంది ఈఎఫ్ఐ వేసేయ్ దరిద్రం వదులుతుంది అంటారు, మిగతా సగం కార్బ్ తప్పు కాదు నీకు ట్యూనింగ్ రాక అంటారు. రోడ్డు మధ్యలో ఆగే బండిలో పిల్లల్ని ఎక్కించనని మా ఆవిడ తేల్చి చెప్పేసింది. రెండు వేల డాలర్ల దాకా పెట్టగలను. ఏం చెయ్యమంటారు?

వుడ్‌వర్డ్_బాబాయ్ (మిషిగన్)

కిట్టూ, నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు రోగాలు, రెండింటికీ కలిపి ఒకే మందు కొనేయకు. మొదటిది హీట్ సోక్. ఇంజన్ ఆపగానే కూలెంట్ తిరగడం ఆగిపోతుంది, ఫ్యాన్ ఆగిపోతుంది, కార్బ్ కింద ఉండే మ్యానిఫోల్డ్ వేడంతా పైకి ఎక్కి ఫ్లోట్ బౌల్లో (కార్బ్‌లో పెట్రోల్ నిల్వ ఉండే గిన్నె) ఉన్న పెట్రోల్‌ని మరిగిస్తుంది, అది పొంగి లోపలికి కారుతుంది, ఇంజన్ ఫ్లడ్ అవుతుంది, అంటే పెట్రోల్ ఎక్కువై తడిసిపోతుంది. నువ్వు కాలు పూర్తిగా తొక్కితే లేస్తోందంటే కారణం అదే, గాలి ఎక్కువ దూరి తడి ఆరుతోంది. ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోల్ ఆ కాలం పెట్రోల్ కంటే తొందరగా ఆవిరవుతుంది కూడా. దీంట్లో ఇంకో మెలిక, సమ్మర్ బ్లెండ్ (తక్కువగా ఆవిరయ్యే వేసవి పెట్రోల్) బంకుల్లో జూన్ 1 నుంచి తప్పనిసరి, మీ టెక్సాస్‌లో ఏప్రిల్‌లోనే ఎండలు మొదలవుతాయి, అప్పుడు ట్యాంకులో ఇంకా చలికాలం పెట్రోలే ఉండి ఉంటే జులై కంటే ఏప్రిల్‌లోనే ఎక్కువ ఏడిపిస్తుంది. గమనించి చూడు.

దీనికి ఖర్చు తక్కువే. కార్బ్ కింద మందపాటి ఇన్సులేటింగ్ గాస్కెట్ వెయ్యి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో ఎగ్జాస్ట్ క్రాసోవర్ అని ఒక దారి ఉంటుంది, చలికాలం కార్బ్ గడ్డకట్టకుండా వేడి చేయడానికి పెట్టింది. నీకు చలికాలం ఎక్కడిది బాబూ, దాన్ని బ్లాక్ చేసెయ్. నేనైతే మిషిగన్లో దాని జోలికి పోను.

రెండోది, వారాల తర్వాత స్టార్ట్ కాకపోవడం. బౌల్లో పెట్రోల్ ఆరిపోతోంది, మెకానికల్ పంప్ మళ్ళీ నింపేదాకా క్రాంక్ చేస్తున్నావ్. ఆరడం మామూలే, కానీ పాత క్వాడ్రాజెట్లలో బౌల్ అడుగున ఉండే చిన్న ప్లగ్గులు లీకయ్యే ఛాన్స్ కూడా ఉంది. చెక్ చేయడం తేలిక. కార్బ్ విప్పి బౌల్లో పెట్రోల్ పోసి, నిప్పుకి దూరంగా, ఇంట్లో కాకుండా బయట గాలి ఆడే చోట న్యూస్‌పేపర్ మీద నిలబెట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నే పేపర్ మీద మరక ఉంటే ప్లగ్గులే. పెట్రోల్‌కి తట్టుకునే ఎపాక్సీతో మూసేస్తారు.

నాది 70 షెవెల్, 396, కార్బ్‌తోనే ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపుకి తీసుకెళ్తా, గంటల తరబడి ఆ ట్రాఫిక్‌లో నత్తనడక, ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఎత్తుమీద_మస్టాంగ్ (డెన్వర్)

బాబాయ్ గారూ మీ ఊరు చదును అండి, అందుకే అలా మాట్లాడుతున్నారు 😄 నాది 68 మస్టాంగ్, 302. డెన్వరే 5,280 అడుగులు, ట్రెయిల్ రిడ్జ్ రోడ్ ఎక్కితే 12,183 అడుగులు. వెయ్యి అడుగులకి గాలి దాదాపు 3 శాతం పలచబడుతుంది, కార్బ్‌లో పెట్రోల్ కొలిచి వదిలే జెట్లకి ఆ సంగతి తెలీదు కదా, అవి పోసేది పోస్తూనే ఉంటాయి. ఊళ్ళోకి సరిపోయేలా జెట్లు మార్చుకుంటే కొండ ఎక్కేసరికి నల్లపొగ, ప్లగ్గులు మసి, దిగి కాన్సస్ వైపు వెళ్తే లీన్, అంటే పెట్రోల్ తక్కువ. అందుకే థ్రాటిల్ బాడీ టైప్ ఈఎఫ్ఐ వేశాను. చూడ్డానికి నాలుగు బ్యారెళ్ళ కార్బ్ లాగే ఉంటుంది, హోలీ కంపెనీ 4150 కార్బ్ కూర్చునే ఫ్లాంజ్ ఉన్న మ్యానిఫోల్డ్ మీద అదే బోల్టులతో కూర్చుంటుంది, ఎయిర్ క్లీనర్ పెట్టేస్తే సగం మందికి తేడా తెలీదు. ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ చూసి అదే నేర్చుకుంటుంది. చలిలో కీ తిప్పితే లేస్తుంది, చోక్ గీక్ ఏం లేదు.

అయితే ఒకటి, పవర్ పెరుగుతుందని మాత్రం వేసుకోవద్దు. బాగా ట్యూన్ చేసిన కార్బ్ ఫుల్ థ్రాటిల్‌లో ఎంత ఇస్తుందో ఇదీ సుమారు అంతే, ఎత్తులో పోయే పవర్ ఎలాగూ పోతుంది. మైలేజ్ కొంచెం మెరుగు, కానీ ఆ మిగులుతో కిట్ డబ్బులు నా మనవలకి వస్తాయేమో. నేను కొన్నది నిశ్చింత, అంతే.

తీగల_ప్రసాద్ (ఒహాయో)

అందరూ కిట్ గురించే మాట్లాడుతున్నారు. నేను చూసిన వాటిలో ఈఎఫ్ఐ వేసి ఏడ్చినోళ్ళెవరికీ ఆ కిట్ వల్ల సమస్య రాలేదు, చుట్టూ ఉన్నదాని వల్ల వచ్చింది.

కార్బ్‌కి పెట్రోల్ ప్రెషర్ 5 నుంచి 7 పీఎస్ఐ చాలు, ఈఎఫ్ఐకి 58 దగ్గర కావాలి. అంటే పాత రబ్బరు హోసులన్నీ మార్చాల్సిందే, 30ఆర్7 రకం కాదు, 30ఆర్9 వాడాలి, క్లాంపులు కూడా ఇంజెక్షన్‌కి వాడేవే, పాత స్క్రూ క్లాంపులు హోసుని కోసేస్తాయి. కార్బ్ లైన్ లీకైతే చుక్క కారుతుంది, ఇది లీకైతే పిచికారీ కొడుతుంది, పక్కనే హెడ్డర్లు (ఎగ్జాస్ట్ పైపులు) ఉంటాయి, ఆలోచించుకోండి. పంప్ చాసిస్ మీద బిగించుకోవచ్చని కిట్‌తో ఒకటి ఇస్తారు, అది మోత మోస్తుంది, పైగా అది పెట్రోల్‌ని తోయగలదు గానీ పీల్చడం దానికి చేతకాదు, ఎండల్లో ఆవిరిని పీల్చి చేతులెత్తేస్తుంది. ట్యాంక్ లోపల పంప్ ఉన్న కొత్త ట్యాంకే కొనండి. పాత ట్యాంకులో అడ్డుగోడలు ఉండవు, పావు ట్యాంక్ ఉన్నప్పుడు మలుపు తిరిగితే పెట్రోల్ ఓ పక్కకి పోయి పంప్ గాలి మింగుతుంది, కార్బ్‌కైతే బౌల్లో నిల్వ ఉంటుంది కాబట్టి తెలీదు, దీనికి నిల్వ లేదు కాబట్టి వెంటనే తన్నుతుంది.

కరెంటు సంగతి: 69 కామారోకి మామూలుగా వచ్చిన ఆల్టర్నేటర్ 37 ఆంపియర్లది. పంప్, ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే కంప్యూటర్), ఎలక్ట్రిక్ ఫ్యాన్ అన్నీ దాని మీదే వేస్తే ఐడిల్‌లో వోల్టేజ్ పడిపోతుంది, ఈసీయూ రీసెట్ అవుతుంది, సిగ్నల్ దగ్గర బండి ఆగుతుంది, తిట్లు మాత్రం కిట్‌కి పడతాయి. ఈసీయూ పవర్, గ్రౌండ్ రెండూ నేరుగా బ్యాటరీకే వెయ్యండి, ఫైర్‌వాల్ మీద పెయింట్ పైన ఎక్కడో స్క్రూ బిగించి గ్రౌండ్ అనుకోవద్దు. రెసిస్టెన్స్ ఉన్న సప్రెషన్ ప్లగ్ వైర్లే వాడాలి, రేసింగోళ్ళు వాడే సాలిడ్ కోర్ వైర్లు వేస్తే ఆ రేడియో నాయిస్‌కి ఆర్పీఎం పిచ్చిపిచ్చిగా చూపిస్తుంది.

సెన్సర్ బంగ్ (ఎగ్జాస్ట్ పైపుకి ఆక్సిజన్ సెన్సర్ బిగించే బుష్) వెల్డింగ్ చేయించేటప్పుడు పైపు కింద వైపు పెట్టనివ్వకండి, అడ్డంగా ఉండే దానికంటే కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండాలి, లేకపోతే పొద్దున్నే పైపులో చేరే నీళ్ళు సెన్సర్‌ని చంపేస్తాయి. సెన్సర్‌కి ముందు హెడ్డర్ గాస్కెట్ ఎక్కడైనా లీకున్నా బయటి గాలి లోపలికి పీల్చి లీన్ అని చదువుతుంది, అది నమ్మి ఈసీయూ పెట్రోల్ కుమ్మరిస్తుంది. పెద్ద క్యామ్ (వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచేది) ఉన్నా ఐడిల్‌లో ఇదే భాగోతం.

సోలెక్స్_సత్తి (రాజమండ్రి)

ఆయ్ నమస్కారమండి, నాకు మజిల్ కార్లు లేవు గానీ మా షెడ్డుకి అంబాసిడర్లు, పద్మినీలు, అప్పుడప్పుడు ఒక కాంటెస్సా వస్తాయండి, దాన్నే మావోళ్ళు ఇండియా మజిల్ కార్ అనేసుకుంటారు. మీ ఇథనాల్ 10 శాతమే కదండి, ఇక్కడ ఇప్పుడు 20 వచ్చేసింది, పాత డయాఫ్రమ్‌లూ రబ్బరు సీళ్ళూ ఉబ్బిపోతున్నాయండి. కిట్టు గారూ కార్బ్ విప్పితే రీబిల్డ్ కిట్ కొనేటప్పుడు ఇథనాల్‌కి తట్టుకునే యాక్సిలరేటర్ పంప్ కప్పు అడగండి, అది గట్టిపడితే తొక్కగానే ఒక్క క్షణం నీరసపడుతుందండి. ఇంకోటి, జెట్లలో తీగ పెట్టి పొడవకండి బాబూ, ఇత్తడి కదా, బొక్క పెద్దదైపోద్ది, ఇక ఆ బండి ఎప్పటికీ సెట్ అవ్వదు. గాలి కొట్టండి, క్లీనర్ కొట్టండి, అంతే.

ఓరుగల్లు_440 (న్యూజెర్సీ)

నాది 70 చాలెంజర్ ఆర్‌టీ, 440 సిక్స్ ప్యాక్, ఒరిజినల్ ఇంజన్. మూడు హోలీ టూ బ్యారెళ్ళు వరుసగ ఉంటయ్, మామూలుగ పోయేటప్పుడు నడిమిది ఒక్కటే పని చేస్తది, గట్టిగ తొక్కితే ముందుది ఎన్కది వ్యాక్యూమ్‌తోని తెరుచుకుంటయ్. ఆ తెరుచుకునేటప్పుడు వచ్చే సప్పుడు వినాలె, దాని కోసమే ఈ బండి కొన్న. దీనికి ఈఎఫ్ఐ ఏస్తె నన్ను గాదు, కొనేటోడు కూడ తిడ్తడు. షోలల్ల జడ్జీలు కార్బ్ మీద పంచ్ చేసిన నంబర్ తోని సహ చూస్తరు. కానీ కిట్టూ, నీది ఒరిజినల్ ఇంజనే కాదంటున్నవ్ కదా, నీకు ఈ లొల్లి లేదు. ఏది ఏసినా పాత క్వాడ్రాజెట్‌ని మాత్రం పారెయ్యకు, అమ్మకు, అటక మీద పెట్టు.

డ్యుయల్ కార్బ్, ట్రిపుల్ కార్బ్ ఉన్నోళ్ళు ఎవ్వరు చదువుతున్నా సరే, సింక్ చేసుడు (అన్ని కార్బ్‌లు ఒక్కతీరు పని చేసేటట్టు సెట్ చేసుడు) నేర్చుకోన్రి. మెకానిక్‌కి ఇస్తె గంటకి నూరు డాలర్లకు మీదనే, ఈ కార్బ్‌లు తెలిసినోడు దొరుకుడే కష్టం, ముసలోళ్ళు రిటైర్ అయిపోతున్నరు. నా లెక్కల ఈఎఫ్ఐ పెరుగుడుకు అసలు కారణం అదే.

ఎత్తుమీద_మస్టాంగ్

ఒరిజినాలిటీ అంటే గుర్తొచ్చింది, ఫ్యూయల్ ఇంజెక్షన్ నిన్న మొన్నటిది అనుకునేవాళ్ళకి, 1957లోనే షెవ్రొలే రాచెస్టర్ రామ్‌జెట్ ఇంజెక్షన్ ఇచ్చింది, 283 క్యూబిక్ ఇంచులకి 283 హార్స్‌పవర్.

వుడ్‌వర్డ్_బాబాయ్

ఇచ్చింది, 1965లో ఆపేసింది కూడా. ఎందుకాపేసిందో కూడా చెప్పు మరి. ఆ ఏడాది కార్వెట్‌లో ఇంజెక్షన్ 327కి 375 హార్స్‌పవర్, దాదాపు సగం ధరకే కార్బ్ పెట్టిన 396 కి 425 హార్స్‌పవర్. ఇంకెవడు కొంటాడు ఇంజెక్షన్! అప్పటిది మెకానికల్ ఇంజెక్షన్, దాన్ని సెట్ చేయగలిగే మెకానిక్ ఊరికొకడు కూడా దొరికేవాడు కాదు. ఓరుగల్లు అబ్బాయి ఇప్పుడు కార్బ్‌ల గురించి చెప్పిన మాటే అప్పుడు ఇంజెక్షన్ గురించి అనేవాళ్ళు.

కామారో_కిట్టు

చాలా చాలా థ్యాంక్స్ అందరికీ. ప్రసాద్ గారు చెప్పిన లిస్ట్ రాసుకుని లెక్కేశాను, కిట్, ట్యాంక్, పంప్, హోసులు, ఆల్టర్నేటర్, వెల్డింగ్, అంతా కలిపితే రెండు వేలు దాటి చాలా దూరం పోయింది. కిట్ ధర ఒక్కటే చూసి లెక్కేసుకున్నా ఇన్నాళ్ళూ.

నిన్న సాయంత్రం బాబాయ్ చెప్పినట్టు కార్బ్ విప్పి గ్యారేజ్ బయట పేపర్ మీద పెట్టా. పొద్దున చూస్తే రెండు చోట్ల రూపాయి బిళ్ళంత మరక. అంటే ప్లగ్గులు కూడా ఉన్నాయన్నమాట. సో ముందు ప్లగ్గులు సీల్ చేసి, ఇథనాల్ రీబిల్డ్ కిట్ వేసి, క్రాసోవర్ బ్లాక్ చేసి, కార్బ్ కింద ఫినాలిక్ స్పేసర్ (వేడి పైకి ఎక్కకుండా ఆపే మందపాటి పలక) వేద్దామనుకుంటున్నా. ఈ సమ్మర్ చూసి, అప్పటికీ మొరాయిస్తే ట్యాంకుతో మొదలుపెట్టి ఈఎఫ్ఐ వైపు వెళ్తా. ఒక డౌట్, స్పేసర్ వేస్తే కార్బ్ పైకి లేస్తుంది కదా, ఎయిర్ క్లీనర్ హుడ్‌కి తగలదా? మామూలు ఫ్లాట్ హుడ్ నాది, పైకి ఉబ్బెత్తుగా ఉండే కౌల్ ఇండక్షన్ రకం కాదు.

తీగల_ప్రసాద్

అర అంగుళం స్పేసర్‌కి చాలావరకు సరిపోతుంది, అంగుళం వేస్తే అనుమానమే. కొలవకుండా హుడ్ వేసేయకు. ఎయిర్ క్లీనర్ మూత మీద, మధ్య స్టడ్ మీద మట్టి ముద్దలు పెట్టి హుడ్ మెల్లగా దించి మళ్ళీ ఎత్తి ముద్ద ఎంత మందం మిగిలిందో చూడు. ఇంజన్ గట్టిగా తొక్కినప్పుడు మౌంట్ల మీద ఓ పక్కకి ఒరుగుతుంది, కాబట్టి అర అంగుళమన్నా ఖాళీ ఉంచు. థ్రాటిల్ కేబుల్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కిక్‌డౌన్ కేబుల్ ఉంటే అదీ, కొత్త ఎత్తులో పూర్తిగా తెరుచుకుని పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో ఇంజన్ ఆపి చూడు, స్పేసర్ వేసినోళ్ళు మర్చిపోయేది అదే.

కామారో_కిట్టు

మట్టి ముద్ద అంటే పిల్లల ప్లే డో పనికొస్తుందా?

సోలెక్స్_సత్తి

చపాతీ పిండి చాలండి, మేం అదే వాడతాం. కొంచెం గట్టిగా కలపండి, పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ కప్పండి, లేపోతే హుడ్ కింద ఇన్సులేషన్‌కి అంటుకుని ఊడి రాదు.